వెబ్ డెవలపర్‌ని కుదుర్చుకుని సైటు చేయించడం: నా అనుభవం

డెవలపర్‌ని వెతకడం మొదలుపెట్టకముందే డొమైన్ (సైటు అడ్రసు పేరు) నేనే కొన్నాను. చిన్న వ్యాపారానికి సైటు చేయించుకునే వాళ్లెవరైనా ముందు చేయాల్సిన పని ఇదే. చాలామంది దీన్ని కూడా డెవలపర్‌కే వదిలేస్తారు. "అన్నీ మేమే చూసుకుంటాం" అంటే ఒక తలనొప్పి తగ్గినట్టే ఉంటుంది మరి. కానీ రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర రిజిస్ట్రంట్ (యజమాని) అనే గడిలో ఎవరి పేరు ఉంటే డొమైన్ మీద హక్కు వాళ్లది. డబ్బు ఎవరు కట్టారో, ఆ పేరుతో వ్యాపారం ఎవరు నడుపుతున్నారో ఆ రికార్డులో కనపడదు. తర్వాత పేచీ వస్తే రుజువులు పట్టుకుని మీరే తిరగాలి. ఈలోగా సైటూ మెయిలూ రెండూ ఆగిపోతాయి.

సైటు పాడైతే మళ్లీ కట్టించుకోవచ్చు. డొమైన్ పోతే విజిటింగ్ కార్డులు, బిల్లుల మీది అడ్రసు, మ్యాప్‌లో లిస్టింగు, కస్టమర్ల ఫోన్లలో సేవ్ అయిన మెయిల్ ఐడీ అన్నీ ఒక్కసారే పనికిరాకుండా పోతాయి. అందుకే ఈ పని మొత్తంలో ఒక్క ప్రశ్న పట్టుకున్నాను: రేపు ఈ డెవలపర్ అందుబాటులో లేకపోతే, ఇంకొకరిని కూర్చోబెట్టి పని కొనసాగించగలనా? హోస్టింగు (సైటు ఉంచే సర్వర్ అద్దె) దగ్గర్నుంచి కాంటాక్ట్ ఫారం దాకా ప్రతి నిర్ణయాన్నీ దీంతోనే తూచాను.

డొమైన్ కొనేటప్పుడు రిజిస్ట్రార్ అకౌంటుకి ఇచ్చే మెయిల్ ఐడీ అదే డొమైన్ మీద ఉండకూడదు. గడువు తీరితే ఆ డొమైన్ మీద నడిచే మెయిల్ కూడా ఆగిపోతుంది. పాస్‌వర్డ్ రీసెట్ లింకు, రెన్యువల్ హెచ్చరిక రెండూ మీరు తెరవలేని ఇన్‌బాక్స్‌కే వెళ్తాయి. విడిగా ఉన్న మెయిల్ ఐడీ ఇచ్చి, టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడిగే లాగిన్) ఆన్ చేసి, ఆటో రెన్యువల్ పెట్టాలి. ఆటో రెన్యువల్ ఉన్నా కార్డు గడువు తీరితే పేమెంట్ ఫెయిలవుతుంది కాబట్టి నెల ముందుకు ఒక రిమైండర్ కూడా ఉండాలి. డాట్ కామ్ లాంటి డొమైన్లను ఒకేసారి 10 ఏళ్ల వరకు కొనుక్కోవచ్చు. గడువు దాటిన మర్నాడే పేరు పోదు. రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల దాకా గ్రేస్ ఉంటుంది, డిలీట్ చేశాక 30 రోజులు రిడెంప్షన్ దశ (పాత యజమాని వెనక్కి తెచ్చుకునే అవకాశం) ఉంటుంది, చివర 5 రోజుల తర్వాత ఎవరైనా కొనుక్కునేలా విడుదలవుతుంది. ఈ రోజులన్నీ చేతిలో ఉన్నాయని ధీమా పడొద్దు. సైటు అంతకు చాలా ముందే ఆగిపోతుంది, రిడెంప్షన్‌లో పడితే అదనపు రుసుము గట్టిగా పడుతుంది, కొందరు రిజిస్ట్రార్లు గడువు దాటిన పేర్లను మధ్యలోనే వేలానికి పెడతారు.

డొమైన్ ఇప్పటికే పాత డెవలపర్ పేరు మీద ఉంటే, కొత్త పని మొదలుపెట్టకముందే, మాటలు బాగున్నప్పుడే మార్పించుకోండి. రిజిస్ట్రార్ మారాలంటే ఆథ్ కోడ్ (పాత రిజిస్ట్రార్ దగ్గర దొరికే బదిలీ కోడ్) కావాలి, ట్రాన్స్‌ఫర్ లాక్ తీయాలి. కొత్తగా కొన్న 60 రోజుల్లోపు మామూలుగా ట్రాన్స్‌ఫర్ కుదరదు. అంతకన్నా తేలిక దారి ఒకటుంది: అదే రిజిస్ట్రార్ దగ్గర మీరొక అకౌంటు తెరవండి, వాళ్ల అకౌంటులోంచి మీ దాంట్లోకి డొమైన్‌ని జరపమనండి. ఆ తర్వాత రిజిస్ట్రంట్ పేరు, మెయిల్ మీవేనా అని లోపలికి వెళ్లి చూసుకోండి. ప్రైవసీ ఆన్‌లో ఉంటే డొమైన్ ఎవరిదో బయట వెతికితే పేరు కనపడదు, అకౌంటులోనే చూడాలి.

డొమైన్ చేతికొచ్చాక బ్రీఫ్, అంటే నాకేం కావాలో చెప్పే పత్రం, రాశాను. రెండు పేజీలు చాలు. డిజైన్ ఎలా ఉండాలి అన్నది అందులో ఆఖరి సంగతి. మొదటిది, సైటుకి వచ్చిన మనిషి ఏం చేయాలి? ఫోన్ చేయాలా, ఫారం నింపాలా, అక్కడే ఆర్డరు పెట్టి డబ్బు కట్టాలా? మూడూ కావాలంటే మూడింటిలో ఏది ముఖ్యమో చెప్పాలి. లేకపోతే హోమ్ పేజీలో అన్ని బటన్లూ ఒకే సైజులో వచ్చి ఏదీ కంటికి ఆనదు. రెండోది, పేజీల జాబితా, ఒక్కో పేజీలో ఏముంటుందో ఒకటి రెండు వాక్యాలు. మూడోది, మేటర్ ఎవరు రాస్తారు, ఫొటోలు ఎవరు ఇస్తారు. నాలుగోది, నచ్చిన సైట్లు రెండు మూడు. "ఇలాంటిది కావాలి" అని లింకు పడేస్తే చాలదు, అందులో ఏం నచ్చిందో రాయాలి: ధరల పట్టిక చూపించిన తీరా, ఫోన్‌లో మెనూనా, రంగులా? ఏమేం అక్కర్లేదో కూడా ఒక వరుసలో రాసేయండి. చాట్ బాట్ వద్దు, పాపప్ వద్దు, లాగిన్ వద్దు అని రాస్తే కొటేషన్లు ఒక దారికొస్తాయి.

అయితే బ్రీఫ్‌లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న వేరు. సైటు తయారయ్యాక అందులో మార్పులు ఎవరు చేస్తారు, ఎంత తరచుగా? టెక్నాలజీ ఏదో తేల్చేది ఇదే. ఏడాదికి ఒకట్రెండు సార్లు తప్ప ఏమీ మారని అయిదారు పేజీల సైటయితే స్టాటిక్‌గా (ముందే తయారుచేసి పెట్టిన పేజీలుగా) చేయించవచ్చు. డేటాబేస్ ఉండదు, హ్యాక్ అయ్యే దారులు తక్కువ, హోస్టింగు ఖర్చు కూడా తక్కువ. కానీ ఒక ఫోన్ నంబరు మార్చాలన్నా తెలిసిన మనిషి కావాలి. వారానికోసారి ధరలో, ఫొటోలో, ప్రకటనలో మారుతుంటే, లాగిన్ అయి మీరే మార్చుకోగల వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉండాలి. వస్తువులు అమ్మి, స్టాకు లెక్క, షిప్పింగు, రిటర్నులు నడపాలంటే షాపిఫై లాంటి సిద్ధంగా ఉన్న స్టోర్ ప్లాట్‌ఫారం నయం. చెకవుట్, కార్డు భద్రత బాధ్యతలో పెద్ద భాగం వాళ్లు మోస్తారు.

వీటిలో నా మొగ్గు ఎటో దాచను. మామూలు సేవలు అందించే చిన్న వ్యాపారానికి వర్డ్‌ప్రెస్ సరిపోతుంది. 2003 నుంచి ఉంది, ఓపెన్ సోర్సు, ఏ హోస్టింగుకైనా మార్చుకోవచ్చు, తెలిసిన డెవలపర్లు ఎక్కడైనా దొరుకుతారు. పైన చెప్పిన ప్రశ్నకి ఇది బాగా నిలబడుతుంది. విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటి రెడీమేడ్ సైటు సర్వీసుల్లో నిర్వహణ భారం తక్కువ, నిజమే. కానీ నెలనెలా కట్టడం ఆపితే సైటు ఉండదు, కట్టిన సైటుని యథాతథంగా ఇంకోచోటికి తీసుకుపోలేరు. మేటర్, ప్రొడక్టుల జాబితా లాంటివి కొంతవరకు బయటికి తీసుకోవచ్చు గానీ డిజైన్ రాదు. అది తెలిసే ఎంచుకుంటే తప్పేం లేదు. నేను గట్టిగా వద్దనేది మాత్రం, పది పేజీల సైటుకి ఎవరో సొంతంగా రాసుకున్న సీఎంఎస్ (సైటు మేటర్ మార్చుకునే సాఫ్ట్‌వేర్). దాని గుట్టు రాసినవాళ్లకే తెలుసు. వాళ్లు వేరే పనిలోకి వెళ్లిపోతే తర్వాత వచ్చే ఏ డెవలపరైనా "మొత్తం మళ్లీ చేద్దాం" అనే అంటాడు.

వర్డ్‌ప్రెస్ అనుకున్నాక థీము (సైటు రూపం ఇచ్చే ప్యాకేజీ), ప్లగిన్ల (అదనపు పనులు చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్ల) గురించి ముందే అడగాలి. డబ్బు పెట్టి కొనే థీము లేదా పేజ్ బిల్డర్ (కోడ్ రాయకుండా పేజీలు కట్టే ప్లగిన్) వాడితే లైసెన్సు మీ పేరు మీద కొనాలి. డెవలపర్ తన లైసెన్సే అందరు క్లయింట్లకూ వాడుతుంటే, అతను రెన్యూ చేయడం ఆపిన రోజు నుంచి మీకు అప్‌డేట్లు రావు. ఇంకా ప్రమాదం నల్డ్ థీములు, అంటే లైసెన్సు తీసేసి ఊరికే పంచే కాపీలు. వాటిలో దొంగ కోడ్ దాచి పెట్టడం మామూలే. కొన్నాళ్లకి మీ సైటులో మీకు తెలియని పేజీలు పుట్టుకొస్తాయి, సెర్చ్‌లో మీ పేరు కింద మందుల ప్రకటనలు కనిపిస్తాయి. కొన్ని పేజ్ బిల్డర్లతో ఇంకో చిక్కు: ప్లగిన్ తీసేస్తే పేజీలో మేటర్ బదులు బ్రాకెట్ల మధ్య షార్ట్‌కోడ్‌లు (ఆ ప్లగిన్‌కే అర్థమయ్యే గుర్తులు) మిగులుతాయి. అందుకే "ఈ బిల్డర్ తీసేస్తే మేటర్ మామూలుగా చదవగలిగేలా ఉంటుందా?" అని అడిగాను. ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లకి పని తెలుసని నమ్మొచ్చు.

ఇక మనిషిని ఎంచుకోవడం. పోర్ట్‌ఫోలియోలో స్క్రీన్‌షాట్లు చూసి మురిసిపోవద్దు, లైవ్ లింకులు అడగండి. అందులోనూ కొత్తగా చేసినవి కాకుండా, రెండు మూడేళ్ల కిందటివి. పాత సైట్లే నిజం చెబుతాయి. ఇంకా నడుస్తున్నాయా, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (బ్రౌజర్ సైటుని సురక్షితం అనడానికి కావాల్సింది) సరిగ్గా ఉందా, ఫోన్‌లో తెరిస్తే మెనూ పనిచేస్తోందా, లింకులు నొక్కితే 404 (పేజీ లేదు) అని వస్తోందా చూడాలి. ప్రతి లింకునీ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో (సైటు వేగం కొలిచే గూగుల్ టూల్) వేసి మొబైల్ ఫలితం చూశాను. ఒకటి నెమ్మదిగా ఉంటే క్లయింటు పెద్ద ఫొటోలు ఎక్కించి ఉండొచ్చు. అన్నీ నెమ్మదిగా ఉంటే అది డెవలపర్ పద్ధతే. ఆ తర్వాత "ఇందులో మీరు చేసిన భాగం ఏది?" అని అడగాలి. డిజైన్ ఒకరిది, కోడ్ ఒకరిది, మేటర్ ఇంకొకరిది అయి ఉండొచ్చు. డిజైనర్ చేసే పనీ డెవలపర్ చేసే పనీ వేరు. రెండూ బాగా వచ్చినవాళ్లు ఉంటారు గానీ తక్కువ, మేటర్ కూడా బాగా రాసేవాళ్లు మరీ అరుదు. పాత క్లయింట్లలో ఒకరితో మాట్లాడిస్తే మంచిది. "పని బాగా చేశారా?" అంటే అందరూ బాగుందనే అంటారు. "సైటు లైవ్ అయిన ఆరు నెలలకి ఏదైనా సమస్య వస్తే ఎన్నాళ్లలో పలికారు? లాగిన్‌లన్నీ మీ దగ్గరే ఉన్నాయా?" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సరా, ఏజెన్సీనా అన్నది నా లెక్కలో పెద్ద విషయం కాదు. అయిదు నుంచి పదిహేను పేజీల సైటుకి మంచి ఫ్రీలాన్సర్ చాలు. ఏజెన్సీ అయితే మాత్రం మీతో మాట్లాడే మనిషీ పనిచేసే మనిషీ వేరని గుర్తుపెట్టుకుని, పనిచేసే మనిషితో ఒక్కసారైనా మాట్లాడండి.

ఒకే బ్రీఫ్‌ని కనీసం ముగ్గురికి పంపి, పనులు విడివిడిగా రాసిన కొటేషన్ అడగాలి. ఒకే మొత్తం రాసి పంపితే పోల్చడానికి ఏమీ ఉండదు. తక్కువ కొటేషన్‌లో సాధారణంగా లోపించేవి ఇవి: మేటర్ ఎక్కించడం, పాత సైటు నుంచి రీడైరెక్టులు (పాత అడ్రసుకి వచ్చినవాళ్లని కొత్త పేజీకి పంపడం), ఫారం మెయిల్ సెటప్, బ్యాకప్, ఎలా వాడాలో నేర్పించడం, లైవ్ అయ్యాక తప్పులు సరిచేయడం. ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా "అదనం" అయి వస్తే ఎక్కువ కొటేషన్‌నే దాటిపోతుంది. ఏళ్లవారీ ఖర్చు వేరే వరుసలో రాయించుకోవాలి: డొమైన్, హోస్టింగు, థీము, ప్లగిన్ లైసెన్సులు, మెయిల్. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌కి విడిగా పెద్ద మొత్తం వేస్తే ఎందుకో అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఉచితం, చాలా హోస్టింగుల్లో వాటంతటవే రెన్యూ అవుతాయి. "గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ" అని ఎవరైనా రాస్తే ఆ కొటేషన్ అక్కడితో పక్కన పెట్టేయొచ్చు. ఆ గ్యారంటీ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు.

నోటిమాట మీద పని మొదలుపెట్టొద్దు. ఒప్పందం మూడు పేజీలున్నా చాలు. పేజీలెన్ని, టెంప్లేట్లెన్ని, డిజైన్‌లో ఎన్నిసార్లు మార్పులు చేయించుకోవచ్చు, ఆ పైన గంటకి ఎంత అన్నది అందులో ఉండాలి. మార్పులు "అపరిమితం" అని రాసినవాళ్లని నేను నమ్మను, అలాంటి పని ఏనాడూ తెమలదు. డిజైన్‌కి రెండు విడతల మార్పులు, పేజీలు తయారయ్యాక ఒక విడత అంటే న్యాయంగా ఉంటుంది. ఆ తర్వాత హక్కులు. చాలా దేశాల చట్టాల్లో బయటి కాంట్రాక్టర్ చేసిన పని మీద కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, చేసినవాళ్లదే. డబ్బు కట్టినంత మాత్రాన మీదైపోదు. "పూర్తి చెల్లింపు అయ్యాక డిజైన్, ఈ సైటు కోసం రాసిన కోడ్ మీది హక్కులు క్లయింటుకి బదిలీ అవుతాయి, సోర్సు ఫైళ్లు అప్పగిస్తారు" అనే వాక్యం ఉండాలి. ఫిగ్మా (డిజైన్ టూల్) ఫైలు, లోగో వెక్టర్ (ఎంత పెంచినా చెదరని) ఫైలు కూడా అందులో రాయండి. ఓపెన్ సోర్సు భాగాలు, కొన్న థీములు వాటి లైసెన్సు ప్రకారమే ఉంటాయి, అది సహజం. స్టాక్ ఫొటోల లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో కూడా తేల్చుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో పెట్టేస్తే నోటీసు వచ్చేది సైటు యజమానికే.

చెల్లింపు విడతలుగా ఉండాలి, విడత తేదీకి కాకుండా పూర్తయిన పనికి ముడిపడి ఉండాలి. నాకు నచ్చిన పద్ధతి: మొదలుపెట్టేటప్పుడు 25 శాతం, డిజైన్ ఓకే అయ్యాక 25, సైటంతా స్టేజింగ్‌లో (బయటివాళ్లకి చూపించకముందు పరీక్షించే కాపీలో) పూర్తిగా నడిచాక 40, లైవ్ అయ్యి కొన్ని వారాలు గడిచి అన్ని లాగిన్‌లూ చేతికొచ్చాక చివరి 10. పూర్తి సొమ్ము ముందే ఇస్తే పని వెనకపడుతుంది. చివరిదాకా ఏమీ ఇవ్వకపోతే డెవలపర్‌కి అన్యాయం. మధ్యలో ఎవరు ఆపినా అప్పటిదాకా అయిన పని, దానికి కట్టాల్సింది ఎలా తేలుతుందో ఒక వాక్యం రాసుకోవాలి. అది లేకే చాలా గొడవలు.

పని ఆలస్యమయ్యేది ఎక్కువగా కోడ్ వల్ల కాదు, మేటర్ రాకపోవడం వల్ల. యజమాని "రేపు పంపిస్తా" అంటారు, డెవలపర్ నకిలీ లాటిన్ మేటర్ పోసి డిజైన్ చేసేస్తాడు. తర్వాత అసలు మేటర్ వస్తే రెండు వాక్యాలు ఉండాల్సిన చోట రెండు పేరాలు ఉంటాయి, డిజైన్ చెదిరిపోతుంది. కనీసం హోమ్ పేజీ, ఒక సర్వీసు పేజీ మేటర్ అయినా డిజైన్ మొదలవకముందే ఇవ్వాలి. మీ వైపు నుంచి ఓకే చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. మార్పులు చెప్పేటప్పుడు "ఇంకొంచెం బాగుండాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఫోన్‌లో ఈ పేజీ తెరవగానే కాల్ బటన్ కనపడటం లేదు, కిందికి జరపాల్సి వస్తోంది" అంటే పది నిమిషాల్లో సరిచేస్తారు. మార్పులన్నీ ఒకే పత్రంలో, పేజీ పేరుతో సహా రాసి పంపాలి. వాట్సాప్‌లో ముక్కలుముక్కలుగా పంపితే సగం గాలికి పోతాయి.

ఫొటోల గురించి ఒక మాట. ఫోన్‌తో తీసిన ఫొటో 4,000 పిక్సెల్స్ వెడల్పుతో అయిదారు ఎంబీ దాకా ఉండొచ్చు. దాన్ని అలాగే పైన బ్యానర్‌గా పెడితే పేజీ తెరుచుకోవడానికి దిక్కులు చూడాలి. బ్యానర్‌కి 1,600 నుంచి 2,000 పిక్సెల్స్ వెడల్పు, వెబ్‌పి ఫార్మాట్ (తక్కువ సైజులో ఉండే ఫొటో రకం), 200 కేబీ అటూఇటూ అయితే కంటికి తేడా తెలియదు. గూగుల్ కొలతలు మూడు: పేజీలో ప్రధాన భాగం కనపడటానికి 2.5 సెకన్ల లోపు, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్ల లోపు, తెరుచుకునేటప్పుడు పేజీలోని భాగాలు అటూఇటూ దూకడం 0.1 స్కోరు లోపు. చిన్న సైట్లలో మొదటిదాన్ని చెడగొట్టేది దాదాపు ఎప్పుడూ పెద్ద ఫొటో లేదా తిరిగే స్లైడరే. స్లైడర్ వద్దని బ్రీఫ్‌లోనే రాయొచ్చు, రెండో బొమ్మ దాకా ఆగి చూసేవాళ్లు తక్కువ. అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు డిజైనర్ మానిటర్ మీద అందంగా ఉంటాయి, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకి కనపడవు.

ఇక కాంటాక్ట్ ఫారం. చిన్న వ్యాపారానికి సైటులో నిజంగా డబ్బు తెచ్చేది ఇదే, ఎక్కువగా పాడయ్యేదీ ఇదే. పాడైనా ఎవరికీ తెలియదు. పంపినవాళ్లకి "ధన్యవాదాలు, మీ సందేశం అందింది" అని కనిపిస్తుంది, ఇవతల ఇన్‌బాక్స్‌కి ఏదీ రాదు. పరీక్షించేటప్పుడు జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ తెరిచి, అక్కడ పడిన ఫారం మెయిల్‌ని "ఒరిజినల్ చూపించు" అని తెరిస్తే కారణం కళ్ల ముందే ఉంటుంది: డిమార్క్ ఫెయిల్, ఒక్కోసారి ఎస్‌పిఎఫ్ కూడా ఫెయిల్ (రెండూ మెయిల్ నిజంగా ఆ డొమైన్ వాళ్లదేనా అని చూసే పరీక్షలు). ఎందుకంటే ఫారం ప్లగిన్ ఫ్రమ్ అడ్రసులో ఫారం నింపిన కస్టమర్ మెయిల్ ఐడీ పెడుతోంది. అంటే మీ సర్వర్ ఆ కస్టమర్ పేరుతో మెయిల్ పంపుతోంది, అందుకునే సర్వర్‌కి అది మోసంలా కనిపిస్తుంది. ఫ్రమ్‌లో మీ డొమైన్ మీది అడ్రసు ఉండాలి, కస్టమర్ అడ్రసు రిప్లై-టు గడిలో ఉండాలి. అప్పుడు మీరు జవాబు నొక్కితే నేరుగా కస్టమర్‌కే వెళ్తుంది.

దాంతోపాటు సర్వర్ మామూలు పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్‌తో కాకుండా ఎస్‌ఎంటిపి (మెయిల్ పంపే ప్రామాణిక పద్ధతి) ద్వారా, లాగిన్ అయి పంపేలా పెట్టించాలి. డిఎన్‌ఎస్‌లో (డొమైన్ సైటు, మెయిల్ ఏ సర్వర్లలో ఉన్నాయో చెప్పే పట్టికలో) ఎస్‌పిఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. మెయిల్ కంపెనీ చెప్పిందని ఒకటి, న్యూస్‌లెటర్ సర్వీసు చెప్పిందని ఇంకొకటి పెడితే రెండూ చెల్లవు, రెండింటినీ ఒకే వరుసలో కలపాలి. ఫారం నింపినవి మెయిల్‌తో పాటు సైటు డేటాబేస్‌లో కూడా దాచేలా పెట్టమనండి. మెయిల్ ఏనాడైనా తప్పిపోతే కనీసం అక్కడ దొరుకుతుంది.

పరీక్ష అసలైన ఫోన్లలో చేయాలి, బ్రౌజర్ విండో చిన్నది చేసి చూడటం సరిపోదు. ఒక పాత ఆండ్రాయిడ్, ఒక ఐఫోన్, వైఫై తీసేసి మొబైల్ డేటా మీద. ఫోన్ నంబరు నొక్కితే డయలర్ తెరుచుకోవాలి. ఆన్‌లైన్ చెల్లింపు ఉంటే, టెస్ట్ మోడ్‌లో అన్నీ నడిచాక కూడా లైవ్ కీలు (నిజమైన చెల్లింపులకి గేట్‌వే ఇచ్చే కోడ్‌లు) పెట్టి ఒక చిన్న నిజమైన చెల్లింపు, దాని రీఫండు చేసి చూడాలి. పేమెంట్ గేట్‌వే అకౌంటు, దాని కేవైసీ, సొమ్ము జమయ్యే బ్యాంకు ఖాతా వ్యాపారం పేరు మీదే ఉండాలి. డెవలపర్ అకౌంటు ద్వారా డబ్బు తిప్పే ఏర్పాటుకి ఒక్కరోజు కూడా ఒప్పుకోవద్దు.

లైవ్ చేసే రోజు గురించి వివరంగా చెప్పాలి, ఇక్కడే మెయిల్ చస్తుంది. పాత మెయిల్ నడుస్తున్న డొమైన్ మీద కొత్త సైటు పెట్టేటప్పుడు చాలామంది డెవలపర్లు "నేమ్‌సర్వర్లు మా హోస్టింగుకి మార్చండి" అంటారు. నేమ్‌సర్వర్లు అంటే డిఎన్‌ఎస్ పట్టిక ఉండే సర్వర్లు, అవి మారితే డిఎన్‌ఎస్ రికార్డులన్నీ కొత్త చోటు నుంచి చదవబడతాయి. అక్కడ ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పేవి) లేకపోతే ఆ గంట నుంచి మీకు మెయిల్ రాదు. సైటు మాత్రం చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి అందరూ సంతోషంగా ఉంటారు. సైటు మార్చడానికి నేమ్‌సర్వర్లు మార్చనవసరం లేదు. "A" రికార్డు (సైటు ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది), డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు రికార్డు ఈ రెండే కొత్త సర్వర్ వైపు తిప్పితే సరిపోతుంది. ముందురోజే ఆ రికార్డుల టిటిఎల్‌ని (మిగతా సర్వర్లు పాత సమాచారాన్ని గుర్తుపెట్టుకునే సమయం) 300 సెకన్లకి తగ్గించి పెట్టుకోవాలి. 86,400 ఉంటే పాత అడ్రసుని రోజంతా గుర్తుపెట్టుకునే సర్వర్లుంటాయి, తేడా వచ్చి వెనక్కి తిప్పినా అంతే ఆలస్యం. ఏదీ ముట్టుకోకముందు డిఎన్‌ఎస్ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకుని పెట్టుకోండి. ఈ పని వారం మొదట్లో పొద్దున్నే చేయాలి, సెలవుకి ముందు సాయంత్రం చేయకూడదు.

లైవ్ అయిన వెంటనే చూడాల్సినవి మూడున్నాయి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీలో సెర్చ్ ఇంజన్లని వద్దనే టిక్ బాక్సు ఒకటుంటుంది. స్టేజింగ్‌లో అది పెట్టడం సరైనదే, లైవ్‌లో తీయడం మర్చిపోతే సైటు గూగుల్‌లో కనపడకుండా పోతుంది. రెండోది, ఫొటోల అడ్రసులు ఇంకా స్టేజింగ్ సైటు నుంచే వస్తున్నాయేమో. వస్తుంటే ఈ రోజు బాగానే కనిపిస్తుంది, స్టేజింగ్ డిలీట్ చేసిన రోజు బొమ్మలన్నీ ఒకేసారి మాయమవుతాయి. ఏదైనా బొమ్మని కొత్త ట్యాబ్‌లో తెరిచి పైన అడ్రసు చూస్తే తెలిసిపోతుంది. మూడోది, పాత సైటు పేజీల అడ్రసులు. పాత అడ్రసు నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 (శాశ్వత) రీడైరెక్టు ఉండాలి, అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయకూడదు. కనీసం ఏడాది పాటు వాటిని తీయకూడదు. పాత సైటు మూయకముందే పేజీల జాబితా తీసి పెట్టుకుంటే ఇది తేలిక. ఆ తర్వాత సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో మీ సైటు పరిస్థితి చూపించే టూల్) సైట్‌మ్యాప్, అంటే పేజీల జాబితా ఫైలు, ఇచ్చి, కొన్ని వారాలు ఎర్రర్లు గమనిస్తూ ఉంటే చాలు.

అప్పగింత అంటే పాస్‌వర్డ్‌ల కాగితం ఒకటి చేతిలో పెట్టడం కాదు. ప్రతి అకౌంటులో యజమాని హోదా ఎవరిదో చూడాలి. హోస్టింగులో బిల్లింగు పేరు, వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్, అనలిటిక్స్‌లో (సైటుకి వచ్చేవాళ్లని లెక్కపెట్టే టూల్) అడ్మినిస్ట్రేటర్, సెర్చ్ కన్సోల్‌లో ఓనర్, మ్యాప్ లిస్టింగు ఉన్న బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్ అన్నీ మీరే అయి ఉండాలి. డెవలపర్ వీటిలో మీరు చేర్చిన యూజర్‌గా ఉంటే చాలు. మొదటి నుంచే ఇలా చేస్తే పాస్‌వర్డ్ పంచుకునే అవసరమే రాదు, పని అయ్యాక ఒక్క క్లిక్‌తో తీసేయొచ్చు. సైటు వాడకం నేర్పించేటప్పుడు స్క్రీన్ రికార్డు చేయమనండి. ధర మార్చడం, ఫొటో మార్చడం, కొత్త పేజీ పెట్టడం ఈ మూడూ రికార్డులో ఉంటే తర్వాత ఎవరు వచ్చినా చూసి చేసుకుంటారు.

నిర్వహణ ఒప్పందం వేరేగా రాసుకోవాలి, నిర్మాణంతో కలపొద్దు. వర్డ్‌ప్రెస్ సైట్లలోకి చొరబాట్లు ఎక్కువగా అప్‌డేట్ చేయని ప్లగిన్ల ద్వారానే జరుగుతాయి కాబట్టి నెలకి కనీసం ఒకసారి, భద్రతా అప్‌డేట్ వస్తే వెంటనే చేయాలి. సైటు ఆగిపోతే ఎన్ని గంటల్లో పలుకుతారో, నెలకి ఎన్ని గంటల చిన్న మార్పులు కలిపి ఉన్నాయో రాసి ఉండాలి. బ్యాకప్ ఫైళ్లు హోస్టింగులోనే ఉంటే హోస్టింగు అకౌంటు పోయినప్పుడు అవీ పోతాయి. వేరే చోట, మీ అకౌంటులో పడేలా పెట్టించండి, 30 రోజులవి నిలవ ఉంచండి. ఫైళ్లు, డేటాబేస్ రెండూ అందులో ఉన్నాయా చూడండి. ఫైళ్లు మాత్రమే ఉన్న బ్యాకప్‌తో ఒక్క పేజీ మేటర్ కూడా వెనక్కి రాదు. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని ఖాళీ స్టేజింగ్‌లో పోసి సైటు నిజంగా లేస్తోందో లేదో డెవలపర్ చేత చేయించి చూడండి, ఆ పనిని నిర్వహణ ఒప్పందంలోనే ఒక వరుసగా రాయించండి.